అయ్యవారి క్యాసెట్ల పెట్టె

అయ్యవారు పోయిన తర్వాత ఆయన వయొలిన్ నాకు వచ్చింది. ఆయన టేప్ రికార్డరు, క్యాసెట్లు దాచుకున్న రేకు పెట్టె మునిరత్నానికి వెళ్లాయి. పంచింది పెద్దమ్మ, అంటే అయ్యవారి భార్య. మేమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్లం. శిష్యులందరూ ముందు గదిలో చాపల మీద కూర్చుని ఉండగా ఆమె వయొలిన్ పెట్టెను కొంగుతో తుడిచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అంత పేరున్న విద్వాంసుడి వాద్యం నాకు దక్కినందుకు చుట్టూ ఉన్నవాళ్లకు కడుపు మండింది. ఆ మంట నాకు వీపు మీద తెలుస్తూనే ఉంది. నేను మాత్రం వాకిట్లో ఆటోలోకి ఎక్కుతున్న ఆ రేకు పెట్టెనే చూస్తున్నాను. మునిరత్నం దాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డను ఎక్కించినట్టు ఎక్కించాడు. ఆ క్షణంలో ఎవరైనా అడిగి ఉంటే వయొలిన్ ఇచ్చేసి పెట్టె తీసుకునేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఈమధ్యే పెద్దమ్మ కూడా వెళ్లిపోయింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మునిరత్నం నా పక్కన వచ్చి కూర్చున్నాడు. తల నెరిసింది, పొట్ట వచ్చింది, నవ్వు మాత్రం అదే. నగరిలో పెండ్లిళ్లకూ జాతరలకూ పాటలు పాడే ఆర్కెస్ట్రా ఒకటి నడుపుతున్నాడు. "అక్కా, ఒకసారి మా ఇంటికి రా. నీకు వినిపియ్యాల్సింది ఒకటి ఉండాది" అన్నాడు. ఏందిరా అంటే చెప్పలేదు. "వచ్చి ఇను" అని మజ్జిగ కోసం చెయ్యి చాపాడు. చిన్నప్పుడూ అంతే, వాడి దగ్గర ఏదో ఒకటి ఉండేది, నా దగ్గర ఉండేది కాదు. ఆ రోజు నుంచి నగరి బస్సు ఎక్కేదాకా నా మనసు ఆ పాత ఇంట్లోనే తిరుగుతూ ఉండిపోయింది.

ఆ ఇల్లు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో ఉండేది. పొడుగాటి ఇల్లు. ముందు గది, నడిమిల్లు, వంటిల్లు, ఆ వెనక రేకులు దించిన వసారా. వసారాలో నిలబడితే కొండ కనిపించేది. సంగీతం కాలేజీలో చెప్పింది చాలదని అయ్యవారు నన్ను పొద్దునా సాయంత్రమూ ఇంటికి రమ్మనేవారు. పొద్దున గడప దాటగానే కాఫీ డికాక్షన్, వేయించిన చెనిక్కాయలు, కమానుకు రుద్దే రోజిన్, ఈ మూడు వాసనలూ కలిసి ఎదురొచ్చేవి. ఆయన అప్పటికే స్నానం చేసి నామం దిద్దుకుని చాప మీద కూర్చుని ఉండేవారు. ముందు "గోళ్లు సూపియ్" అనేవారు. ఎడమచేతి వేళ్ల గోళ్లు రవ్వంత పెరిగి ఉన్నా కత్తెర ఇచ్చి వాకిట్లోకి పంపేవారు. తప్పు స్వరం పడితే తిట్టేవారు కాదు, కళ్లు మూసుకునేవారు. ఆ కళ్లు మళ్లీ తెరుచుకునేదాకా అదే స్వరం పట్టుకుని వాయిస్తూ ఉండాలి. తోడి రాగం నేర్చుకున్న రోజుల్లో ఆ కళ్లు తెరుచుకోగా నేను చూసింది తక్కువ. తోడిలో గాంధారం అనే స్వరం ఒకచోట నిలిచేది కాదు, ఊగుతూ ఉండాలి. ఎక్కువ ఊగితే ఏడుపు, తక్కువ ఊగితే కట్టె. నాది ఆ రెంటి మధ్య కొట్టుకుంటూ ఉండేది.

పాఠం ముగిసి వయొలిన్ పెట్టె మూతపడిందంటే ఆయన ఇంకో మనిషి. లోకంలో ఉన్న చప్పుడంతా ఆయనకు కావాలి. బస్టాండు దగ్గర తోపుడుబండి మీద క్యాసెట్లు అమ్మే సాయిబును బతిమాలి ఖవాలీలు తెప్పించుకునేవారు. తెల్లవాళ్లు బాకాలు ఊదిన క్యాసెట్ ఒకటి ఎక్కడ సంపాదించారో, అది అరిగి గొంతు బొంగురుపోయేదాకా విన్నారు. సందులో పెండ్లి ఊరేగింపు వెళ్తే చేతిలో కాఫీ గ్లాసుతోనే బ్యాండుసెట్టు వెనకాల నడిచేవారు, క్లారినెట్ ఊదేవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో చూడాలని. టీవీలో బట్టల సబ్బు ప్రకటన వస్తే గుటక కూడా వేయకుండా వినేవారు. "ఇంత రవ్వంతలో ఎత్తుగడ, నడక, ముగింపు అన్నీ పెట్టినాడు సూడరా. మనకైతే గంట కావాల" అనేవారు. అరవ సీరియళ్ల మొదట్లో వచ్చే పాటలు, ఒకరినొకరు ఎత్తి కిందపడేసుకునే కుస్తీ పోటీలు, పిల్లల బొమ్మల కార్యక్రమాలు, హిందీ అపరాధ పరిశోధనలు, ఇంగ్లీషు దయ్యాల సినిమాలు, ఏదీ వదిలేది లేదు. రేడియోలో పెద్ద విద్వాంసుల కచేరీ వస్తే మాత్రం కాసేపటికే గురక వినిపించేది. దయ్యాల సినిమాల్లో దయ్యం వచ్చేటప్పుడు ఆయన కళ్లు మూసుకుని రీరికార్డింగ్ వినేవారట. నా గాంధారానికి మూసుకునే కళ్లే అక్కడ సంతోషంతో మూసుకునేవన్నమాట. 'అట' అని ఎందుకంటున్నానంటే, నేను చూడలేదు. సినిమాహాల్లో పక్క సీట్లో కూర్చుని చూసింది మునిరత్నం.

మునిరత్నం నాకంటే చిన్నవాడు. నగరిలో మగ్గాల ఇంటి బిడ్డ, కాలేజీలో మృదంగం నేర్చుకోవడానికి వచ్చాడు. నా సాధకానికి లయ చూపించే మనిషి పక్కన ఉండాలని అయ్యవారే వాణ్ణి ఇంటికి పిలిపించారు. అంటే వాడు నాకోసం వచ్చినవాడు. వచ్చిన కొద్దిరోజులకే ముందు గదిలో టీవీ ఎదురుగా, అయ్యవారి మోకాలి పక్కన వాడి చోటు ఖాయమైపోయింది. ఆయనకు శిష్యుడైనా కాదు, వయొలిన్ ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. కానీ సినిమా పాట ఎత్తితే చాలు. "ఆ రెండో చరణం ముందర తబలా ఆపేసినాడు, గమనించినారా అయ్యవారూ?" అనేవాడు. "గమనించకనా! ఆడ్నే గదరా ప్రాణం ఉండేది!" అని ఆయన. వాడు స్టీలు గ్లాసు మీద ఆ దరువు వాయించి చూపించడం, ఈయన తొడ మీద చరుచుకుని నవ్వడం. అయ్యవారి నవ్వు చప్పుడు లేకుండా మొదలయ్యేది. ముందు భుజాలు ఊగేవి, తర్వాత పొట్ట, చివరకు గొంతులోంచి సన్నటి కూత ఒకటి బయటికి వచ్చేది. ఏళ్ల తరబడి ఆ ఇంటికి వెళ్లాను. ఆ కూత నాతో మాట్లాడుతుండగా ఒక్కసారి కూడా రాలేదు. నాకు కావలసింది అదొక్కటే. కచేరీలు, బిరుదులు తర్వాతి సంగతి. నేనొక మాట అంటే అయ్యవారు అలా నవ్వాలి. నాకు పాఠం దొరికింది, వాడికి మనిషి దొరికాడు.

కాలేజీకి సెలవైతే ఇద్దరూ మార్నింగ్ షోకు వెళ్లేవారు. నేను ఆడపిల్లను. అయ్యవారితో కలిసి సినిమాకు వెళ్తానంటే మా నాయన వయొలిన్‌తో సహా నన్ను ఇంట్లో కూర్చోబెట్టేవాడు. ఆ సంగతి నాకూ తెలుసు, తెలిసినంత మాత్రాన కుళ్లు ఆగుతుందా? వాళ్లు తిరిగి వచ్చేసరికి చొక్కాలకు హాలు వాసన, చేతిలో నూనె మరకల మురుకుల పొట్లం. "తోడి పట్టినావా పాపా?" అని అడిగేవారు అయ్యవారు. "పట్టినానయ్యవారూ." "ఊఁ" అని మునిరత్నం వైపు తిరిగి, ఇంటర్వెల్ దగ్గర డప్పులు ఎందుకు పెట్టకూడదో మాట్లాడుకునేవారు. నా తోడి ఒక ఊఁకు సరి. ఒకసారి నేను మొహం ముడుచుకుని వంటింట్లోకి పోతే పెద్దమ్మ ఉర్లగడ్డలు తరుగుతూ నన్ను పరీక్షగా చూసింది. "నాతో మాత్రం నవ్వినాడా ఏంది? పెండ్లయినకాన్నుంచి సూస్తా ఉండా. ఉప్పు తక్కువయిందని చెప్పేదానికి తప్ప నోరు తెరిచిందిల్లా. నువ్వన్నా నయం, నీతో రాగం గురించి మాట్లాడతాడు" అంది. ముందు గదిలోంచి ఆ కూత మళ్లీ వినపడింది. ఇద్దరం కత్తిపీట పక్కన కూర్చుని అటే చెవులు పెట్టాం. ఆ రోజు పెద్దమ్మ పెట్టిన అన్నంలో నాకు నెయ్యి కాస్త ఎక్కువే పడింది.

అన్నిటికన్నా నన్ను కాల్చింది టీవీలో సినిమా పాటల కార్యక్రమం వచ్చే శుక్రవారం సాయంత్రాలు. అప్పటికి ఆ సందులోకి కేబుల్ రాలేదు. మిద్దె మీద బూస్టరు పెట్టిన ఏంటెన్నా ఉండేది. ఇటు తిప్పితే తెలుగు, మద్రాసు వైపు తిప్పితే అరవం. మునిరత్నం మిద్దె ఎక్కి ఇనుప పైపు పట్టుకుని తిప్పేవాడు. "వచ్చిందా అయ్యవారూ?" "వచ్చి పాయె! ఇంకొంచెం తూరుపుకి తిప్పు!" "ఇప్పుడు?" "ఆఁ, ఆడ్నే, ఆడ్నే! దిగు, మొదలయితా ఉండాది!" వాడు మెట్లు దూకి వచ్చేసరికి అయ్యవారు టీవీ ముందు స్టూలు వేసి, దానిమీద టేప్ రికార్డరు పెట్టి, రెండు మీటల మీద రెండు వేళ్లు ఉంచి సిద్ధంగా ఉండేవారు. టీవీకీ టేప్ రికార్డరుకూ తీగ తగిలించే పద్ధతి మాకు తెలీదు. నోరు టీవీది, చెవి టేప్ రికార్డరుది. అందుకని పాట నడిచినంతసేపూ ఇల్లు ఊపిరి బిగబట్టాలి. ఫ్యాన్ ఆపేసేవారు. పెద్దమ్మ పొయ్యి మీది కుక్కర్ దించాలి, గాజులు చప్పుడు కాకూడదు. పాలవాడు వచ్చినా గేటు దగ్గరే నిలబడాలి. నాకు మాత్రం ఒకటే ఆజ్ఞ. "నువ్వు పోయి వసారాలో సాధకం చేసుకో పాపా."

వెళ్లేదాన్ని. మధ్యలో నడిమిల్లు, వంటిల్లు. అవతల వాళ్లిద్దరూ ఒకే చాప మీద ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే నేను కొండకు తోడి వినిపించేదాన్ని. గాజుల చప్పుడు కూడా పనికిరాని ఇంట్లో నా వయొలిన్‌ను ఆపమని ఎవరూ అనలేదు. నా వాయింపు అంత దూరం వినపడదేమో అనుకున్నాను. వినపడినా లెక్కలేదేమో అని కూడా అనుకున్నాను. ఈ రెండోది నాకు ఎక్కువ నమ్మకంగా ఉండేది. కోపం వచ్చి ఒకసారి కమానును కావాలని గట్టిగా లాగాను. అయినా ఎవరూ రాలేదు.

చివరికి నేనూ ఒక ఎత్తు వేశాను. ఆయన అంత మెచ్చుకునే బట్టల సబ్బు పాటను వయొలిన్ మీద వాయించి చూపిస్తే ఆ చాప మీద నాకూ చోటు దొరుకుతుందనుకున్నాను. పక్కింటి టీవీ ముందు కాపలా కాసి, ప్రకటన వచ్చినప్పుడల్లా విని, ఇంటికి పరుగెత్తి స్వరాలు వెతుక్కున్నాను. నాకు బాగా వచ్చిందనే అనిపించింది. ఒక పొద్దున పాఠం అయ్యాక, మునిరత్నం కూడా ఉండగా, "అయ్యవారూ, ఒకటి వాయిస్తాను" అని మొదలుపెట్టాను. ఆ పాట ఎగురుకుంటూ పోయే పాట. నాకు మరి అప్పటికి గమకం లేకుండా స్వరం పలకడం రాదు. ప్రతి స్వరాన్నీ ఊపాను, జార్చాను, చివర్లో మెల్లగా కిందికి దింపి ముగించాను.  ముందు మునిరత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత అయ్యవారి భుజాలు ఊగాయి, పొట్ట ఊగింది, కూత వచ్చింది, కళ్లలోంచి నీళ్లు కారి నామం కూడా చెదిరింది. "సబ్బుకు పట్టుచీర కట్టి గుడికి తీసకపోతివి గదమ్మే!" అన్నారు. మునిరత్నం చాప మీద పడి దొర్లాడు. కోరుకున్న నవ్వు వచ్చింది. నాతో కాదు, నామీద. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని, "ఇయన్నీ వానికి వదిలెయ్ పాపా. నీకెందుకు? వయొలిన్ తియ్, తోడి పట్టు" అన్నారు. తోడి పట్టాను. ఇంటికి వెళ్తూ దారిపొడుగునా ఏడ్చాను. ఆ సబ్బుతో ఉతికిన బట్టలు ఇప్పటికీ నేను కట్టుకోను. దుకాణంలో ఇంకో రకం అడుగుతాను.

తర్వాత కాలం దాని దారిన అది నడిచింది. కేబుల్ వచ్చి ఏంటెన్నా తుప్పు పట్టింది, దాని పైపుకు పెద్దమ్మ బట్టలారేసే తాడు కట్టింది. నేను కచేరీలు చేశాను, చిత్తూరులో కాపురం పెట్టి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా తోడిని జనం మెచ్చుకున్నారు. ఇప్పుడు నా శిష్యుల ఫోన్లలో లోకంలోని సంగీతమంతా ఉంది. ఏంటెన్నా తిప్పక్కర్లేదు, ఫ్యాన్ ఆపక్కర్లేదు. చెవిలో తీగ పెట్టుకుని ఎవరి పాట వాళ్లు వింటారు, పక్కవాడు ఏం వింటున్నాడో పక్కవాడికి తెలీదు. నేనూ విన్నాను. అయ్యవారు ఇష్టపడినవన్నీ ఒక్కొక్కటే వెతికి విన్నాను. ఖవాలీలు, బాకాలు, దయ్యాల సినిమాలు కళ్లు మూసుకుని. చాలా బాగున్నాయి. ఆయన చెవి ఎంత పెద్దదో అప్పుడు అర్థమైంది. కానీ తబలా ఆగిన చోట 'గమనించినావా' అని అడగడానికి పక్కన మనిషి కావాలి. ఆ రోజుల్లో పాటలు తక్కువ, చాప ఒకటే. చాప మీద చోటు కోసం నేను ఇంత ఏడ్చానంటే అందుకే కాబోలు.

నగరిలో మునిరత్నం ఇల్లు మరమగ్గాల వీధిలో ఉంది. గోడ అవతల మగ్గాలు ఆగకుండా ఆడుతుంటాయి. వాళ్లావిడ పెట్టిన సాంబారిడ్లీ తిన్నాక వాడు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. రేకు పెట్టె మంచం పక్కన ఉంది, పైన పూలగుడ్డ కప్పి. ఆ టేప్ రికార్డరే, స్టూలు మీద. ఎన్నిసార్లు బాగు చేయించాడో, మీటలు మాత్రం రంగు మారాయి. "పెద్దమ్మ పోయినాక మల్లా అన్నీ తీసి వింటా ఉండినా. ఇన్నాళ్లూ పాట మాటున చెవికి ఆనలేదు, ఇప్పుడు ఇది దొరికింది" అని ఒక క్యాసెట్ వేశాడు.

ముందు గరగర. తర్వాత ఏదో అరవ పాట, టీవీ నోట్లోంచి కాస్త ముక్కుతో వస్తున్నట్టు. దూరంగా పెద్దమ్మ దగ్గు. పాట వెనకాల సన్నగా ఇంకేదో ఉంది. ముందు అది పాటలోదే అనుకున్నాను. కాదు, వయొలిన్. తోడి. వసారాలో నేను. ఆ పాటకూ దానికీ సంబంధం లేదు, శ్రుతి కూడా కలవడం లేదు, అయినా ఆపకుండా వస్తూనే ఉంది. అప్పుడు దగ్గరగా, గుసగుసగా కుర్ర మునిరత్నం గొంతు వినిపించింది. "అయ్యవారూ, అక్క వాయించేది టేపులో పడతా ఉండాది. తలుపు మూసేసి వచ్చేదా?"

"ముయ్యబాకరా. ఉండనీ."

పాట కాసేపు నడిచింది. మళ్లీ అయ్యవారి గొంతు, ఇంకా తగ్గించి. "సూసినావా, గాంధారం దారికొచ్చింది." ఆ తర్వాత నవ్వు. పెద్దది కాదు. కూత మాత్రమే, సన్నగా, ఒక్కసారి.

మునిరత్నం మీట నొక్కి ఆపాడు. గోడ అవతల మగ్గాలు ఆడుతున్నాయి.  "ఇది నాకిచ్చెయ్ రా" అన్నాను. అడిగినట్టు కాదు, నాదే అన్నట్టు అన్నాను. వాడు క్యాసెట్‌ను బయటికి తీసి రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. "ఇంగేమన్నా అడుగక్కా. పెట్టె మొత్తం తీసకపో. ఇదొక్కటి అడగబాక." "ఎందుకు? అందులో ఉండేది నా గురించే గదరా." వాడు నవ్వలేదు. "అవును, నీ గురించే. ఆయన పోయినకాన్నుంచి ఈ పెట్టెలో ఉండే టేపులన్నీ ఎదికినా అక్కా. నా గురించి ఒక్క మాట, యాడన్నా, ఊరికే ఒక్క మాట అని ఉంటాడేమోనని. లేదు. పాటల గురించి మాట్లాడినాడు, నీ గురించి మాట్లాడినాడు. నాకుండేది ఒకటే. మాట నీ గురించి అయినా, అన్నింది నాతో."

నాకు జాలి కలగాల్సింది. కొంచెం కలిగిందేమో కూడా. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ముందుగా కలిగింది అసూయే. నిజమే కదా, అన్నది వాడితోనే. వాడు నా మొహం చూసి, "బాధపడబాకక్కా, ఫోన్లోకి ఎక్కించి పంపిస్తా" అన్నాడు. ఎలా ఎక్కిస్తాడో నాకు తోచలేదు, అడగలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పంపించాడు. పొద్దున పాఠాలు మొదలుకాకముందు, అయ్యవారి వయొలిన్ పక్కన పెట్టుకుని విన్నాను. టేప్ రికార్డరు ముందు ఫోన్ పెట్టి ఎక్కించాడని మొదట్లోనే తెలిసింది, ఎందుకంటే మరమగ్గాల చప్పుడు కూడా పడింది. పాట, దగ్గు, నా తోడి, తలుపు ముయ్యబాకరా అన్న మాట, గాంధారం, అన్నీ వచ్చాయి. ఆ తర్వాత అయ్యవారి కూత. దాని మీదే ఇంకో నవ్వు పడింది, బొంగురుగా, వయసైన నవ్వు. ఫోన్ పట్టుకుని వింటూ మునిరత్నం ఆపుకోలేకపోయినట్టున్నాడు. ఆ రెండు నవ్వులనూ విడదీయడం కుదరదు, నేను ప్రయత్నించాను. వాళ్లిద్దరూ ముందు గదిలో ఒకే చాప మీద కూర్చుని నవ్వుకుంటూనే ఉన్నారు. నేను వెనక వసారాలో తోడి వాయిస్తూనే ఉన్నాను.